హబ్‌కి పట్టేసిన చక్రం: తన్నే ముందు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

పంచరు పడింది, నట్లన్నీ తీసేశారు, చక్రం మాత్రం రావట్లేదు. రెండు చేతులతో పట్టుకుని లాగినా ఊపినా వెల్డింగ్ చేసినట్టు అక్కడే ఉంది. అప్పుడు ఎవరైనా చేసేది ఒకటే, లేచి నిలబడి గట్టిగా ఒక తన్ను తన్నడం. ఆ తన్నుకి చక్రం రావచ్చు, కారు జాకీ మీంచి జారిపోనూ వచ్చు. ఆ రెండోది జరగకూడదనే ఇదంతా రాస్తున్నా.

నాకు ఇది ఒక రాత్రి వానలో ఎదురైంది. రోడ్డు పక్కన మెత్తటి మట్టి, కారుతో పాటు వచ్చిన జాకీ, చుట్టూ చీకటి. మా తమ్ముడు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ లైటు పట్టుకున్నాడు. నేను మూడోసారి తన్నగానే జాకీ అడుగు ఒక వైపు మట్టిలోకి దిగింది, పైన జాకీ తల కారు అంచు మీద వేలెడు పక్కకి జరిగింది. తమ్ముడి మోకాలు అప్పటికి కారు కిందే ఉంది. కారు పడలేదు, వెంటనే దించేశాం, కానీ ఆ వేలెడు జరగడం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

అసలు ఎందుకు పట్టేస్తుందంటే, హబ్ (చక్రాన్ని బిగించే కారు వైపు భాగం) మధ్యలో గుండ్రంగా పైకి లేచిన అంచు ఒకటి ఉంటుంది, చక్రం మధ్య రంధ్రం దాని మీద దాదాపు సందు లేకుండా కూర్చుంటుంది. అంత సన్నటి సందులోకి నీరు చేరితే త్వరగా ఆరదు, తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రెండూ బిగుసుకుపోతాయి. అల్లాయ్ వీల్స్ అయితే ఇంకో గొడవ, అల్యూమినియం ఇనుముని తాకుతూ తడిగా ఉంటే అల్యూమినియమే తినేయబడుతుంది, తీసినప్పుడు అక్కడ తెల్లటి పొడి కనిపిస్తుంది. సముద్రం దగ్గర నడిచే కార్లకీ, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగే కార్లకీ ఇది మరీ ఎక్కువ. రెండు మూడేళ్ళు ఒక్కసారి కూడా తీయని చక్రమైతే పట్టేసి ఉండే అవకాశం గట్టిగానే ఉంది.

అందుకే వానలు మొదలయ్యే ముందో, దూర ప్రయాణానికి ముందో, పగటి పూట, గట్టి నేల మీద, తొందర లేని రోజున నాలుగు చక్రాలూ ఒక్కోటి తీసి చూసుకోండి. లాక్ నట్లు (దొంగలు చక్రం తీయకుండా వేసే నట్లు) ఉంటే వాటి తాళం కారులో ఉందో లేదో కూడా ఆ రోజే తెలుస్తుంది.

పని మొదలుపెట్టే ముందు హ్యాండ్‌బ్రేకు వేయండి, గేరులో పెట్టండి, ఆటోమేటిక్ అయితే P (పార్క్) లో ఉంచండి. తీసే చక్రానికి ఎదురు మూలలో ఉన్న చక్రానికి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది, కాబట్టి వెనక చక్రం ఎత్తినప్పుడు ముందు చక్రాలకి పెట్టిన దిమ్మలు చాలా ముఖ్యం. చేతికి గ్లౌజులు, కాలికి బూట్లు, కళ్ళకి అద్దాలు ఉండాలి, సుత్తి దెబ్బకి రాలే తుప్పు నేరుగా మొహం మీదికే వస్తుంది.

ఇప్పుడు నా అభిప్రాయంలో అన్నిటికంటే మంచి పద్ధతి చెప్తాను, ఎందుకంటే ఇందులో కారు జాకీ మీద ఉండదు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉండగా, పట్టేసిన చక్రం నట్లు ఒక్కోటి అర చుట్టు నుంచి ఒక చుట్టు వరకు, అంతే, వదులు చేయండి. ఒక్క నట్టు కూడా పూర్తిగా తీయొద్దు. తర్వాత ఇద్దరు పక్క నుంచి కారుని అటూ ఇటూ ఊపండి. కారు బరువే ఆ అతుకుని విడగొడుతుంది, చాలాసార్లు 'టక్' మని శబ్దం వినిపిస్తుంది. రాకపోతే దిమ్మలు తీసి, ఖాళీ స్థలంలో, నడిచేంత వేగంతో ఒకటి రెండు మీటర్లు ముందుకి, వెనక్కి కదిలించి మెల్లగా బ్రేకు వేయండి. రోడ్డు మీద మాత్రం వద్దు, శబ్దం వినగానే ఆపేయాలి, ఎక్కువ నడిపితే స్టడ్లు (నట్లు ఎక్కే మరల కడ్డీలు), రిమ్ము రంధ్రాలు పాడవుతాయి. ఆపాక దిమ్మలు మళ్ళీ పెట్టండి.

అప్పటికీ రాకపోతేనే ఎత్తాలి. జాకీని కారు మాన్యువల్‌లో చూపించిన చోటే పెట్టండి, ఎత్తిన తర్వాత బరువు జాకీ స్టాండు (ఎత్తిన కారుని కదలకుండా మోసే ఇనుప కాళ్ళ స్టాండు) మీద ఉంచండి. కారుతో వచ్చే జాకీ మామూలుగా చక్రం మార్చడానికి సరిపోతుంది, దెబ్బలు కొట్టే పనికి సరిపోదు. స్టాండు లేకుండా ఇలాంటి చక్రం జోలికి పోవద్దనే నేను చెప్తాను. స్టెప్నీని కారు అంచు కింద పడుకోబెట్టి ఉంచండి, ఒకవేళ కారు జారినా దాని మీద ఆగుతుంది. ఒళ్ళు, కాలు, చేయి, ఏదీ కారు కింద ఉండకూడదు, పక్కన లైటు పట్టుకున్నవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది.

ఎత్తాక నట్లన్నీ తీసేయొద్దు. ఎదురెదురుగా రెండు నట్లు నాలుగైదు చుట్లు ఎక్కించి వదులుగా ఉంచండి. పట్టు వదిలిన చక్రం ఒక్కసారిగా ఊడి కాళ్ళ మీద పడకుండా అవే ఆపుతాయి. నట్లకి బదులు బోల్టులు ఉండే కార్లలో కూడా రెండు బోల్టులు సగం వరకు ఉంచాలి.

తుప్పు వదిలించే స్ప్రేని సన్నటి గొట్టంతో మధ్య రంధ్రం చుట్టూ కొంచెం కొట్టి, పావుగంట ఇరవై నిమిషాలు వదిలేయండి. బ్రేక్ డిస్క్ మీద, బ్రేక్ ప్యాడ్ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు, పడితే బ్రేక్ క్లీనర్‌తో కడిగాకే కారు తీయాలి. తర్వాత టైరు లోపలి వైపు రబ్బరు మీద చెక్క దిమ్మ ఆనించి, రబ్బరు సుత్తితో బయటికి కొట్టండి, ఒకసారి కొట్టి చోటు మార్చి మళ్ళీ కొట్టండి. ఒకే చోట పది దెబ్బల కంటే చుట్టూ చోటు మారుస్తూ కొట్టే నాలుగు దెబ్బలు మేలు. లోపల బ్రేకు గొట్టం, ఏబీఎస్ సెన్సర్ వైరు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి.

ఇనుప సుత్తితో అల్లాయ్ రిమ్ముని కొట్టొద్దు, పగులుతుంది. గునపం పెట్టి డిస్క్‌కీ రిమ్ముకీ మధ్య లేపొద్దు, డిస్క్ వంగితే బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. మంట మాత్రం అసలు పెట్టొద్దు. బేరింగ్ గ్రీజు, సీళ్ళు పాడవడం ఒకటైతే, టైరు ఉన్న రిమ్ముని వేడి చేస్తే లోపల వాయువులు పుట్టి టైరు పేలి మనుషులు చనిపోయే ప్రమాదం ఉంది. గాలి తీసేశాం కదా అనుకున్నా ఆ ప్రమాదం పోదు. ఇంత చేసినా రాలేదంటే టైరు షాపుకో మెకానిక్‌కో వదిలేయండి, లిఫ్ట్ మీద వాళ్ళకి అది పెద్ద పని కాదు.

వచ్చిందనుకోండి, అంతటితో మూసేయకండి. హబ్ అంచునీ, చక్రం వెనక అది ఆనే చోటునీ వైర్ బ్రష్‌తో మెరిసేలా రుద్దండి, నాకు ఆ రాత్రి పట్టేసిన చక్రం వెనక గోధుమ రంగు పెంకు గోటి మందాన ఊడొచ్చింది. తర్వాత మధ్య అంచు మీద మాత్రమే, వేలితో తుడిచినంత పల్చగా, యాంటీ సీజ్ పేస్టు (లోహాలు పట్టేసుకోకుండా రాసే పేస్టు) రాయండి. స్టడ్ల మరల మీద రాయకండి, అక్కడ జిడ్డు ఉంటే అదే బలానికి నట్టు ఎక్కువ బిగుసుకుని స్టడ్ సాగిపోతుంది.

నట్లు మొదట చేత్తోనే ఎక్కించి, ఎదురెదురువి ఒకదాని తర్వాత ఒకటి బిగించి, కారు దించాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో చూపే రెంచ్) పూర్తిచేయండి. చాలా కార్లకి బిగించాల్సిన బలం సుమారు 80 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు అంకె మాన్యువల్‌లో చూసుకోండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక రెంచ్ మళ్ళీ ఒకసారి పెట్టి చూడండి, తుప్పు గీకిన చోట చక్రం కొంచెం సర్దుకుంటుంది, నట్లు వదులైతే అప్పుడే తెలుస్తుంది.