ప్రీస్కూలుకు వెళ్ళే గంటలకు చైల్డ్‌మైండర్ ఫీజు ఎలా లెక్కకట్టాలి

ఇంగ్లాండులో చైల్డ్‌మైండర్లుగా నమోదై ఇంటి దగ్గరే పిల్లలను చూసుకుంటున్న మన తెలుగు ఆడవాళ్ళకు, పిల్లలకు మూడేళ్ళు నిండగానే ఒక చిక్కు వచ్చిపడుతుంది. అంతవరకు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా మన ఇంట్లోనే ఉన్న పాప, కొత్త టర్మ్ నుంచి పక్క వీధిలోని ప్రీస్కూలుకు తొమ్మిది నుంచి పన్నెండు వరకు వెళ్తుంది. "ఆ మూడు గంటలు మీ దగ్గర ఉండదు కదండీ, వాటికి డబ్బు తగ్గిస్తారా?" అని వాళ్ళమ్మ అడుగుతుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే కనుక, జవాబును ఆ రోజు తడుముకోకుండా ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

మొదట చోటు సంగతి చూడాలి. ఒంటరిగా పనిచేసే చైల్డ్‌మైండర్ దగ్గర ఎనిమిదేళ్ళలోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు. అందులో బడి ఈడు రాని చిన్నపిల్లలు మామూలుగా ముగ్గురే ఉండాలి. పాప లేని ఆ మూడు గంటలకు మరో బిడ్డను తీసుకోవచ్చు గానీ, పన్నెండింటికి పాప తిరిగొచ్చేసరికి ఆ బిడ్డ వెళ్ళిపోవాలి, ప్రీస్కూలు సెలవుల్లో అసలు రాకూడదు. ప్రీస్కూలు నడిచే 38 వారాలే ఏడాదికి, అదీ పొద్దుటి మూడు గంటలే కావాలనే కుటుంబం దొరకడం అరుదు. ఊరెళ్ళిన నెలకు ఇంటి అద్దె ఎగ్గొట్టలేనట్టే, మనం ఖాళీగా అట్టిపెట్టిన చోటుకు వెల ఉంటుంది.

తరువాత చూడవలసింది ఆ గంటల్లో బాధ్యత ఎవరిదనే విషయం. మా ఇంటి నుంచి ఎనిమిది నలభైకి ఇద్దరు చిన్నవాళ్ళను పిల్లల తోపుడుబండిలో కట్టి, పాప చెయ్యి పట్టుకుని బయలుదేరితే, ఇంటికి చేరేసరికి తొమ్మిదింపావు అవుతుంది. పదకొండు నలభైకి, ఒకడు అప్పుడే నిద్రలోకి జారుకున్నా సరే, మళ్ళీ వానకోటు తొడగాలి. పేరుకు మూడు గంటలైనా చేతికి మిగిలేది రెండున్నర గంటలకు తక్కువే. పది ఇరవైకి ప్రీస్కూలు నుంచి "పాపకు జ్వరం, తీసుకెళ్ళండి" అని ఫోనొస్తే వెళ్ళేది కూడా నేనే.

లెక్కకు మూడు పద్ధతులున్నాయి. గంటకు 6 పౌండ్లు అనుకుంటే, పది గంటల రోజుకు పూర్తి ఫీజు 60 పౌండ్లు. ప్రీస్కూలు గంటలకు సగమే తీసుకుంటే 51, పూర్తిగా వదిలేస్తే 42. వారానికి ఐదు రోజుల చొప్పున 38 వారాలు వదిలేస్తే ఏడాదికి 3,420 పౌండ్లు పోతాయి. దింపడం, తీసుకురావడం, మధ్యలో ఫోనొస్తే పరుగెత్తడం నా పనులైతే పూర్తి ఫీజు అడుగుతాను. అవన్నీ తల్లిదండ్రులే చూసుకుని, చోటు మాత్రం అట్టిపెట్టమంటే సగం చాలు. ఆ గంటలకు మరో బిడ్డ నిజంగా కుదిరితే ఏమీ తీసుకోను, ఒకే చోటుకు ఇద్దరి దగ్గర వసూలు చేయడం నాకు నచ్చదు.

ప్రభుత్వం ఇచ్చే ఉచిత గంటలు కలిస్తే మరింత జాగ్రత్త కావాలి. మూడు, నాలుగేళ్ళ పిల్లలందరికీ 38 వారాలపాటు వారానికి 15 గంటలు, అంటే ఏడాదికి 570. అర్హత ఉన్న ఉద్యోగస్తుల పిల్లలకు 30 గంటలు, అంటే 1,140. వీటిని రెండు చోట్ల పంచుకోవచ్చు గానీ ఒకే రోజు రెండు చోట్లకు మించి వాడుకోకూడదు, ఒకే గంటకు ఇద్దరూ ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకోకూడదు. కనుక 15 గంటలు ప్రీస్కూలుకు, 15 మనకు అని తల్లిదండ్రులు సంతకం చేసే పత్రంలోనే స్పష్టంగా రాయించాలి. మన దగ్గర వాడుకునే ఉచిత గంటలు నిజంగా ఉచితంగానే ఉండాలి. వాటిపై అదనపు రుసుము వేయకూడదు, "చోటు ఫీజు (పాప లేని గంటలకు చోటు అట్టిపెట్టినందుకు తీసుకునే డబ్బు) కడితేనే ఉచిత గంటలు" అని మెలిక పెట్టకూడదు. పాప మన దగ్గర కూడా ఉచిత గంటలు వాడుకుంటుంటే, చోటు ఫీజు అడిగేముందు ఉచిత గంటల గురించి స్థానిక కౌన్సిల్‌తో మనకున్న ఒప్పందం చదివి, వారినే అడిగి తేల్చుకోవడం మేలు.

రోజువారీ హాజరు పుస్తకంలో మాత్రం పాప నిజంగా ఉన్న వేళలే రాయాలి. పూర్తి ఫీజు వస్తోంది కదా అని ఎనిమిది నుంచి ఆరు అని ఒకే గీత గీయడం తప్పు. నెల బిల్లులో ఉచిత గంటలు, డబ్బు కట్టే గంటలు, చోటు ఫీజు, భోజనం వేరువేరు వరుసల్లో చూపాలి.

మొదటి ఏడాది నేను "మనవాళ్ళే కదా" అని కాగితం రాయలేదు, క్రిస్మస్ సెలవుల్లో పాప పది గంటలూ ఇంట్లోనే ఉన్నా పాత తగ్గింపు ఫీజే చేతికొచ్చింది. ఇప్పుడు సెప్టెంబరులో ప్రీస్కూలుకు వెళ్ళబోయే పిల్లల ఇళ్ళకు జూలైలోనే కొత్త ఒప్పందం పంపిస్తున్నాను. టర్మ్ రోజుల ఫీజు, సెలవుల ఫీజు, ప్రీస్కూలు హఠాత్తుగా మూసేసిన రోజు ఏం చేయాలి, ఫోన్ మొదట ఎవరికి రావాలి అన్నవి అందులో నాలుగు వాక్యాల్లో ఉంటాయి. ఇరుపక్షాల సంతకాలూ పడ్డాకే ఆ చోటును పాప పేరున ఉంచుతాను.