అడవిలో జలపాతం చూడ్డానికి వెళ్తున్నారా? చివరి వంద అడుగుల దగ్గర జాగ్రత్త

అరగంట నడిస్తే జలపాతం వచ్చేస్తుందంటే చాలామంది చెప్పులేసుకుని, చేతిలో ఫోన్ ఒక్కటి పట్టుకుని బయల్దేరిపోతారు. అడవిలో నడిచినంతసేపూ అది సరిపోవచ్చు కూడా. అసలు ప్రమాదం ఉండేది చివరి వంద అడుగుల్లో, అంటే కాలిబాట అయిపోయి తడి బండలు మొదలయ్యే చోట, ఫోటో కోసం ఇంకొక్క అడుగు ముందుకు వేద్దామనిపించే చోట. మీ ఓపిక, టైమ్, జాగ్రత్త అన్నీ అక్కడికి చేరేసరికి మిగిలి ఉండాలి.

ముందు ఎప్పుడు వెళ్లాలో చూసుకోండి. వానలు పడ్డాక జలపాతం నిండుగా ఉంటుంది, నిజమే, కానీ వాన పడుతుండగానో ఆగిన వెంటనేనో వెళ్లొద్దు. ఒకట్రెండు రోజులు తెరిపిచ్చాక వెళ్తే నీళ్లూ ఉంటాయి, బాట కూడా కాస్త ఆరుతుంది. ఎండాకాలం చివర్లో చిన్న వాగుల మీది జలపాతాలు కొన్ని పూర్తిగా ఎండిపోతాయి, కాబట్టి నీళ్లున్నాయా, దారి తెరిచే ఉందా అని ముందే కనుక్కోండి. ఉదయం పూటే బయల్దేరండి, ఎందుకంటే లోయలో చెట్ల కింద బయటికన్నా ముందే చీకటి పడుతుంది. ఇంకో విషయం, జలపాతం చాలాసార్లు లోయలో ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు అలిసిపోయి ఉన్నప్పుడే ఎక్కుడు. ఎక్కాల్సిన ప్రతి 100 మీటర్ల ఎత్తుకీ మామూలు నడక టైమ్ మీద ఇంకో 10 నిమిషాలు వేసుకోండి. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి, లోయలో ఫోన్ సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.

సామాను ఎక్కువ అక్కర్లేదు. అడుగు అరగని బూట్లు, తాగడానికి నీళ్లు, ఫోన్ తడవకుండా ఒక కవర్, చిన్న టార్చ్, ఒక జత పొడి సాక్సులు చాలు. జలపాతం నీళ్లు ఎంత తేటగా కనిపించినా తాగొద్దు, ఎగువన ఏం కలుస్తోందో మనకి కనపడదు.

ఇక బండల సంగతి. జలపాతం చుట్టూ తుంపర పడుతూనే ఉంటుంది కాబట్టి, నెల రోజులుగా వాన లేకపోయినా అక్కడి రాళ్లు తడిగానే ఉంటాయి, పాకుడు పడుతూనే ఉంటుంది. రాయిని రంగును బట్టి చదవొచ్చు: పాలిపోయినట్టు, గరుకుగా ఉన్న రాయి కాలు నిలుపుతుంది. నల్లగా నిగనిగలాడుతున్నా, ముదురు ఆకుపచ్చ పొర కనిపిస్తున్నా దాని మీద అడుగు పెట్టొద్దు. తడిసిన చెట్టు వేర్లు కూడా అంతే, ఒక్కోసారి రాయి కన్నా ఎక్కువ జారతాయి. అనుమానంగా ఉన్న చోట కాలు పెట్టి, బరువు మొత్తం వెయ్యకుండా కాస్త నొక్కి చూసి, నిలిచింది అనుకున్నాకే రెండో కాలు ఎత్తండి. ఏటవాలుగా ఉంటే కూర్చుని జరుగుతూ దిగండి, ప్యాంటుకి మట్టి అంటితే కడుక్కుంటే పోతుంది.

జలపాతం పైకి ఎక్కి అంచు దగ్గర నిలబడటం మాత్రం అస్సలు వద్దు. అక్కడ నీళ్లు చీలమండ లోతే ఉన్నాయనిపిస్తుంది, కింద పాకుడు ఉంటుంది, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

కింద గుండంలోకి దూకడం కూడా వద్దు. నురగ కింద లోతు ఎంతో, ఏ బండ ఉందో, ఏ దుంగ ఇరుక్కుందో తెలియదు. పైగా తెల్లగా నురగలు కక్కే నీళ్లలో గాలి బాగా కలిసి ఉంటుంది, అందుకే మామూలు నీళ్లలో తేలినంత తేలికగా మనిషి అందులో తేలడు, ఈత వచ్చినవాళ్లు కూడా ఇబ్బంది పడతారు. ధార కిందికి సరిగ్గా వెళ్లి నిలబడినా, పైనుంచి నీళ్లతో పాటు రాళ్లూ కొమ్మలూ రావచ్చు.

అన్నిటికన్నా ముఖ్యంగా ఎగువన పడే వానని మర్చిపోవద్దు. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా, పైన కొండల్లో పడిన వాన వాగులోకి ఒక్కసారిగా దిగొచ్చు. అక్కడికి చేరగానే నీళ్లలో సగం మునిగి సగం బయటికున్న ఒక రాయిని గుర్తు పెట్టుకుని, మధ్యమధ్యలో దాన్ని చూస్తూ ఉండండి. ఆ రాయి మునుగుతున్నా, తేట నీళ్లు ఎర్రగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే ఒడ్డు వదిలి పక్కనున్న ఎత్తుకి ఎక్కేయండి, బ్యాగు కోసం కూడా ఆగొద్దు. తిరిగొచ్చే దారిలో దాటాల్సిన వాగు ఉరవడిగా ఉంటే, మోకాలి లోతే కదా అని దిగొద్దు, తగ్గేదాకా ఆగండి.

పిల్లలుంటే ముందే చేతి సైగలు అనుకోండి, హోరులో కేకేసినా వినపడదు. నీళ్ల దగ్గర వాళ్ల చెయ్యి వదలొద్దు.

ఇవన్నీ చూసుకున్నాక, దయచేసి ఫోన్ తీయకముందు ఒక పది నిమిషాలు ఊరికే కూర్చోండి. సూర్యుడు మీ వీపు వెనక తక్కువ ఎత్తులో ఉంటే ఎదురుగా తుంపరలో ఇంద్రధనుస్సు కనిపిస్తుంది, రెండడుగులు అటూ ఇటూ జరిగితే అదీ మీతో పాటే జరుగుతుంది. ఫోటోలో నీళ్లు పాలలా రావాలంటే మబ్బు పట్టిన వెలుతురులో, ఫోన్‌ని రాయికి ఆనించి, కెమెరా సెట్టింగుల్లో షట్టర్ తెరిచి ఉండే టైమ్ అర సెకను దగ్గర పెట్టి, తీసే ముందు లెన్స్ మీది తడి తుడవండి. సబ్బు, షాంపూ నీళ్లలో వాడొద్దు, కప్పలు చర్మంతో కూడా ఊపిరి పీల్చుకుంటాయి, మనం కలిపింది నేరుగా వాటి ఒంట్లోకే పోతుంది. స్పీకర్‌లో పాటలు పెట్టొద్దు. తెచ్చుకున్న కవర్లు, సీసాలు తిరిగి బ్యాగులోకే.

బాట మీదికి వచ్చాక సాక్సులు విప్పి వేళ్ల మధ్య, మడమల చుట్టూ జలగలున్నాయేమో చూడండి. ఉంటే ఉప్పు చల్లడం, కాల్చడం వద్దు. సన్నగా ఉన్న కొస చర్మానికి అతుక్కున్న చోట గోరుతో పక్కకి తోస్తే పట్టు వదులుతుంది, తర్వాత రెండో కొసనీ అలాగే తోసి ఊడదీయండి. అది రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాన్ని వదులుతుంది కాబట్టి కాసేపు కారుతూనే ఉంటుంది, కంగారు పడకుండా కడిగి శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకోండి. చాలాసేపటికీ ఆగకపోయినా, మీరు రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా డాక్టరుకి చూపించండి.