సుఖవ్యాధులు, నాలుగో పాఠం: పుండు మానింది, రోగం మానలేదు

ఈ పాఠంలో మందుల గురించి చెప్పుకోవాలి. చెప్పుకుందాం, కానీ సగం పాఠం పోయినసారి ప్రశ్నకే పోతుంది. గుర్తుందిగా: ఒకతనికి అంగం మీద నొప్పి లేని పుండు లేచింది. ఏ మందూ వాడలేదు. నెల తిరిగేసరికి దానంతట అదే మానిపోయింది. ఇప్పుడతను ఏం చేయాలి?

మీలో ఎక్కువమంది “తగ్గిపోయింది కాబట్టి ఏమీ అక్కర్లేదు, మళ్ళీ వస్తే చూపించుకోవాలి” అని రాశారు. ఈ జవాబును ఇలాగే వదిలేసి ముందుకు వెళ్ళడానికి నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి పుండుతో మొదలయ్యే సుఖవ్యాధి సిఫిలిస్. అది ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి వైద్యం లేకుండా గడిపేసేది సరిగ్గా ఈ ఆలోచనతోనే.

సిఫిలిస్ పుండు సాధారణంగా కలయిక జరిగిన మూడు వారాలకు కనిపిస్తుంది. 10 రోజులకే రావచ్చు, 90 రోజులు పట్టనూవచ్చు. అంచులు గట్టిగా ఉంటాయి, నొప్పి ఉండదు, గజ్జల్లో బిళ్ళలు కట్టొచ్చు. యోని లోపలో, మలద్వారంలో, నోట్లో వస్తే అసలు కంటపడకపోవచ్చు. మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో అది మానిపోతుంది. మానడం ఈ రోగం నడకలో ఒక మెట్టు మాత్రమే. వీధి తలుపు దగ్గర దొంగ కనిపించడం లేదంటే ఊరు వదిలి పోయాడని కాదు, ఇంట్లోకి దూరాడని. పుండు మానే వేళకు సూక్ష్మజీవి రక్తంలో ఒళ్ళంతా తిరుగుతూ ఉంటుంది.

తర్వాత, పుండు మానుతున్నప్పుడో మానిన కొన్ని వారాలకో, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా వస్తాయి. చాలామందికి దురద ఉండదు. కొద్దిగా జ్వరం, గొంతునొప్పి, అక్కడక్కడా జుట్టు ఊడటం ఉండొచ్చు. మనిషి “వేడి చేసింది” అనుకుంటాడు, “కొత్త సబ్బు పడలేదు” అనుకుంటాడు. ఇవీ పోతాయి! రెండోసారి కూడా “తగ్గిపోయింది”. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ ఉండకపోవచ్చు, రక్తపరీక్షలో మాత్రం దొరుకుతుంది. కొందరిలో 10 నుంచి 30 ఏళ్ళ తర్వాత గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళమో, మెదడో దెబ్బతింటుంది. కంటికీ చెవికీ నరాలకూ ముప్పు ఏ దశలోనైనా రావచ్చు. గర్భిణికి ఉంటే బిడ్డకు సోకుతుంది, కడుపులోనే బిడ్డ చనిపోవచ్చు. అందుకే గర్భం నిలిచిన మొదట్లోనే ఈ రక్తపరీక్ష చేస్తారు. వద్దనకండి.

కాబట్టి సరైన జవాబు: పుండు మానినా సరే, వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోవాలి. పుండు లేచిన మొదటి రోజుల్లో చేయిస్తే లేదని రావచ్చు, అప్పుడు కొన్ని వారాలకు మళ్ళీ చేయించాలి.

గుర్తు పెట్టుకోవడానికి నేను వాడే అడ్డదారి ఒకటి ఉంది. నొప్పి లేని ఒంటరి పుండైతే ముందు సిఫిలిస్‌ను అనుమానించు, మంటపెట్టే చిన్న పొక్కుల గుంపైతే ముందు హెర్పిస్‌ను అనుమానించు. అనుమానించడానికే ఇది. తేల్చేది పరీక్షే.

ఇక మందులు. పూర్తిగా నయమయ్యేవి ముఖ్యంగా నాలుగు: సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనియాసిస్. వైరస్‌ల వల్ల వచ్చే హెర్పిస్, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ వచ్చే పాఠంలో. ఒక్క మాట మాత్రం అప్పటిదాకా ఆగకూడదు. హెచ్ఐవీ సోకే అవకాశం ఉన్న కలయిక జరిగితే 72 గంటల్లోపు నివారణ మందులు మొదలుపెట్టవచ్చు. 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, మూడో రోజు దాకా ఆలోచిస్తూ కూర్చోవద్దు.

క్లమీడియాకు సాధారణంగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. గర్భిణులకు దాని బదులు అజిత్రోమైసిన్ ఇస్తారు. గనేరియాకు సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్. ట్రైకోమోనియాసిస్‌కు మెట్రోనిడజోల్. పేర్లు చెప్తున్నది డాక్టర్ రాసిన చీటీ మీకు అర్థం కావాలని. చీటీ లేకుండా కొనుక్కోమని కాదు. గనేరియా క్రిమి ఒక్కో మందునూ తట్టుకోవడం నేర్చుకుంటూ వచ్చింది, ఒకప్పుడు పనిచేసినవి చాలా ఇప్పుడు పనిచేయవు. ఇంట్లో మిగిలిన మాత్రలు రెండు వేసుకుంటే చీము తగ్గినట్టు కనిపించి, క్రిమి లోపలే మిగిలిపోవచ్చు.

సిఫిలిస్‌కు బెంజథీన్ పెన్సిలిన్. తొలి దశల్లో 24 లక్షల యూనిట్లు, ఒకేసారి, పిరుదు కండరంలోకి. సోకి ఏడాది దాటితే, లేదా ఎప్పుడు సోకిందో తెలియకపోతే, వారానికొకటి చొప్పున మూడు వారాలు. మెదడుకో కంటికో చేరితే వైద్యం వేరు. ఈ ఇంజెక్షనే ఎందుకని అడిగారు. ఈ క్రిమి చాలా నెమ్మదిగా, దాదాపు 30 గంటలకోసారి రెండవుతుంది. పెన్సిలిన్ దెబ్బతీసేది క్రిమి పెరిగే వేళలోనే. అందుకని మందు రోజుల తరబడి రక్తంలో నిలవాలి, ఈ రకం పెన్సిలిన్ కండరంలోంచి మెల్లగా ఊరుతూ అలా నిలుస్తుంది. ఇంజెక్షన్ పడిన 24 గంటల్లో జ్వరం, చలి, ఒళ్ళునొప్పులు వస్తే చాలామంది “మందు పడలేదు” అని టెన్షన్ పడతారు. క్రిములు ఒక్కసారిగా చచ్చేటప్పుడు జరిగేదే అది, సాధారణంగా ఒక రోజులో పోతుంది. గర్భిణులైతే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా ఎవరైనా సరే అత్యవసరంగా వెళ్ళాలి. అది అలర్జీ.

భాగస్వామికి కూడా వైద్యం జరగాలి. ఒకరు మందు వాడి ఇంకొకరు వాడకపోతే రోగం ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. క్లమీడియా, గనేరియా అయితే గత 60 రోజుల్లో లైంగికంగా కలిసిన వాళ్ళందరికీ చెప్పాలి. ఇద్దరి వైద్యం పూర్తయ్యాక ఏడు రోజుల దాకా కలవకూడదు, మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. క్లమీడియా సోకిన ఆడవాళ్ళలో చాలామందికి తెల్లబట్ట గానీ నొప్పి గానీ ఉండదు. వైద్యం లేకపోతే గర్భనాళాలు దెబ్బతిని పిల్లలు పుట్టకపోవచ్చు. “నాకేం లేదు, నేనెందుకు వాడాలి?” అని భార్య అడిగితే ఇదే చెప్పండి. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న గొడవ పరీక్షలో తేలదు. ముందు ఇద్దరూ మందు వాడండి.

కండోమ్ సంగతి మళ్ళీ రాయను, మొదటి పాఠంలో ఉంది.

అభ్యాసానికి ముందు రిపోర్టు చదవడం. సిఫిలిస్‌కు రెండు రకాల రక్తపరీక్షలు. టీపీహెచ్ఏ లాంటిది ఒకసారి పాజిటివ్ అయితే నయమయ్యాక కూడా చాలామందిలో జీవితాంతం అలాగే ఉంటుంది. దాన్ని చూసి మందు పనిచేయలేదని బెంగపడకండి. రెండో రకం వీడీఆర్ఎల్. అందులో అంకె ఉంటుంది, వైద్యం ఫలితం దాంతోనే చూస్తారు. 1:32 అంటే రక్తం నమూనాను 32 రెట్లు పలచన చేసినా పాజిటివ్ వచ్చిందని, కాబట్టి రెండో అంకె తగ్గితే మంచిది. 1:32 ఉన్నది 1:8కి వస్తే నాలుగింతలు తగ్గినట్టు, అది నిజమైన తగ్గుదల. 1:32 నుంచి 1:16 అయితే తగ్గిందని చెప్పలేం, పరీక్షలోనే అంత తేడా ఉంటుంది. ప్రతిసారీ అదే రకం పరీక్ష, వీలైతే అదే ల్యాబులో చేయించండి. రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒకచోట దాచుకోండి. డాక్టర్ మారినప్పుడు ఆ కాగితాలే మీ తరఫున మాట్లాడతాయి.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను, కాగితం మీద క్యాలెండర్ గీసుకుని చేయండి.

ఒకటి. భర్తకు మూత్రంలో మంట, చీము. గనేరియా, క్లమీడియా రెండూ తేలాయి. ఒకటో తేదీన ఇంజెక్షన్ పడింది, ఏడు రోజుల మాత్రలూ అదే రోజు మొదలయ్యాయి. ఏ బాధా లేని భార్య నాలుగో తేదీన ఇంజెక్షన్ తీసుకుని మాత్రలు మొదలుపెట్టింది. ఇద్దరూ ఏ తేదీ దాకా ఆగాలి? మళ్ళీ పరీక్ష ఎప్పుడు?

రెండు. ఒకామె వీడీఆర్ఎల్ వైద్యానికి ముందు 1:64. మూడు నెలలకు 1:32, ఆరు నెలలకు 1:8, ఏడాదికి 1:32. టీపీహెచ్ఏ ప్రతిసారీ పాజిటివే. ఒక్కో రిపోర్టు దగ్గర ఆగి, అక్కడ ఏం అర్థం చేసుకోవాలో రెండేసి వాక్యాలు రాయండి. నాలుగో రిపోర్టు చూశాక డాక్టర్ ఆమెను, ఆమె భర్తను ఏయే ప్రశ్నలు అడగాలో కూడా రాయండి. “టీపీహెచ్ఏ పాజిటివ్ కాబట్టి రోగం పోలేదు” అని రాస్తే ఆ జవాబు తీసుకోను.