బీచ్ గాలిలో స్పీకర్ బాక్సులు పెట్టేవాళ్ళకి

బీచ్ రోడ్డు పక్కన ప్రోగ్రాం ఒప్పుకుంటే మధ్యాహ్నమే వెళ్ళి గాలి చూసుకోండి. విశాఖలో పొద్దెక్కాక గాలి సముద్రం మీంచి ఊళ్ళోకి వీస్తుంది. గాలికి ఎదురెళ్ళే శబ్దం పైకి లేచిపోతుంది, గాలివాటున వెళ్ళేది జనం మీదకి వంగుతుంది. అందుకే వీలైన చోటల్లా స్టేజీ వీపు సముద్రం వైపు ఉండేలా వెయ్యమని టెంట్ హౌస్ వాళ్ళని బతిమాలతాను. దీనితో ఒక చిక్కుంది. ఇప్పుడు ఎక్కువగా వాడేవి యాంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) లోపలే ఉన్న బాక్సులు. ఆ యాంప్ ఉండేది వెనకవైపు, ఉప్పుగాలి తిన్నగా దాని మీదే కొడుతుంది. బాక్సుకి రెండడుగులు ఎడం వదిలి టార్పాలిన్ కట్టండి. మీద చుట్టేస్తే వేడి బయటికి పోక ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతుంది.

ఎత్తు విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. బాక్సు నేల మీద పెడితే ముందు వరసకి చెవులు చిల్లులు పడతాయి, వెనకవాళ్ళకి మాట అర్థం కాదు. మాటకి స్పష్టతనిచ్చే సన్నటి శబ్దాలు బాక్సులో గరాటులా ఉండే హార్న్ నుంచి వస్తాయి. ముందు కూర్చున్నవాళ్ళు అడ్డం ఉంటే అవి అక్కడే ఆగిపోతాయి. కుర్చీల సభైతే హార్న్ ఏడడుగుల ఎత్తులో ఉండాలి. దాని మూతి కాస్త కిందికి వంగి వెనక వరసలని చూడాలి.

ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే బాక్సుకి 3 మీటర్లలో ఉన్న పెద్దావిడకీ 24 మీటర్లలో నిలబడ్డ కుర్రాడికీ దాదాపు 18 డెసిబెల్స్ తేడా. వాల్యూం పెంచితే ఇద్దరికీ పెరుగుతుంది, తేడా అలాగే ఉంటుంది. మధ్యలో ఇంకో జత పెట్టాల్సిందే. ముందు బాక్సులకి 20 మీటర్ల దూరంలో పెడితే, స్టేజీ శబ్దం అక్కడికి చేరడానికి సుమారు 58 మిల్లీసెకన్లు పడుతుంది. రెండో జతకి అంత డిలే ఇచ్చి, అంటే దాని శబ్దం అంత ఆలస్యంగా వచ్చేలా చేసి, ఇంకో పది మిల్లీసెకన్లు కలపండి. మాట స్టేజీ మీంచే వస్తున్నట్టు ఉంటుంది.

మైక్ ఎప్పుడూ బాక్సులకి వెనకే. మైక్ జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటే కూత వస్తుంది. "కొంచెం కింద పట్టుకోండి సార్" అని ముందే చెప్పండి, మొహమాటం వద్దు. పెళ్ళిలో సన్నాయికీ డోలుకీ మైక్ అక్కర్లేదు, ఉన్నది పంతులుగారికి ఇవ్వండి. మంత్రం వినపడాలి.

జనరేటర్ అయితే మీటర్ పెట్టి 230 వోల్టుల దగ్గర్లో ఉందని చూశాకే ప్లగ్ పెట్టండి. న్యూట్రల్ వైరు ఊడితే వోల్టేజ్ ఎగబాకి సామానంతా కాలిపోతుంది. ఆన్ చేసేటప్పుడు ముందు మిక్సర్, చివర బాక్సులు. ఆపేటప్పుడు ముందు బాక్సులు. యాంప్ హద్దు దాటిందని చెప్పే క్లిప్ ఎర్రలైటు ఆరకుండా వెలుగుతుంటే ఎవరు ఎంత అడిగినా సౌండ్ తగ్గించండి, అలాంటప్పుడు ముందు కాలేది హార్న్ లోపల అదిరే పల్చటి రేకు, డయాఫ్రమే. ఇసుకలో స్టాండ్ కాళ్ళ కింద పలక వేసి, కాళ్ళ మీద ఇసుక మూటలు పెట్టండి. పోలీసు పర్మిషన్ కాగితం దగ్గరుంచుకోండి. మామూలు రోజుల్లో రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ ఆపాలి.

ఇక ఉప్పు. అది కంటికి కనపడదు, వేలితో రాస్తే జిగురుగా తగులుతుంది. గాలిలో తేమని లాక్కుని ఇనుమంతా తినేస్తుంది. ఎంత అలసిపోయినా ఆ రాత్రే తుడవాలి. మంచినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో గ్రిల్, హ్యాండిళ్ళు, మూలలు తుడిచి, వెంటనే పొడిగుడ్డ వెయ్యండి. గ్రిల్ వెనక అదిరే కోన్ మీద, యాంప్ సాకెట్ల మీద తడి తగలకూడదు. కేబుల్ పిన్నులకి నెలకోసారి కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. తడిసిన కవర్లు బాక్సుకి తొడిగి గోడౌన్లో పడెయ్యకండి, లోపల చెమ్మ మగ్గిపోతుంది. నేలకి తగలకుండా చెక్కల మీద, గోడకి జానెడు ఎడంగా పెట్టండి. వానాకాలంలో బుకింగులు లేకపోతే పదిహేను రోజులకోసారి అరగంట చిన్న సౌండుతో ఏదో ఒకటి మోగించండి. ఆ వేడికి లోపలి చెమ్మ కొంత ఆరుతుంది. తుప్పు పట్టిన గ్రిల్ స్క్రూలు కనపడితే స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించండి. ఒక్కటి వదులైనా మంచి బాక్సు కూడా గరగరమంటుంది.