నెయ్యి, పెరుగు లేని తెలుగు భోజనం: నలుగురికి, గంటలో

మన భోజనంలో పప్పు, వేపుడు, పులుసు, పొడి, ఊరగాయ అన్నీ మొక్కల నుంచి వచ్చేవే. పాల పదార్థాలు చేరేది రెండే చోట్ల: మొదటి ముద్దలో నెయ్యి, చివర్లో పెరుగు. వీగన్ భోజనం (మాంసం, గుడ్లు, పాలు లాంటి జంతువుల నుంచి వచ్చేవి లేనిది) అనగానే బాదం పాలు, టోఫూ కొనాలేమోనని బెంగపడేవాళ్లు ముందు ఈ సంగతి గమనిస్తే సగం ఖర్చు తప్పుతుంది. అయితే ఆ రెండూ తీసేసి మిగతాది యథాతథంగా వడ్డిస్తే భోజనం చప్పగా అనిపిస్తుంది. నెయ్యి పప్పుకి కమ్మదనాన్ని, జారుడునూ ఇస్తుంది. పెరుగు కారాన్ని తగ్గించి నోటికి చల్లని పులుపు అందిస్తుంది. ఈ రెండు పనులూ వేరేవాటితో చేయించడమే ఇక్కడ అసలు కిటుకు.

వండబోయేవి: అన్నం, తోటకూర పప్పు, దొండకాయ వేపుడు, పచ్చి పులుసు, పుట్నాల పొడి. కొలత కప్పు అంటే 240 మిల్లీలీటర్లది. చెంచా అంటే టీ చెంచా, పెద్ద చెంచా అంటే దానికి మూడింతలు.

ముందుగా నానబెట్టేవి

పొయ్యి వెలిగించే ముందే కప్పు కందిపప్పు (సుమారు 200 గ్రాములు), రెండు కప్పుల బియ్యం విడివిడిగా కడిగి అరగంట నానబెట్టాలి. చిన్న నిమ్మకాయంత చింతపండు, అంటే సుమారు 25 గ్రాములు, కప్పు గోరువెచ్చని నీళ్లలో వేసి పెట్టాలి. ఈ నానే సమయంలోనే కూరగాయలు తరుక్కుంటే వంట గంటలో అయిపోతుంది.

విదేశాల్లో ఉండేవాళ్లకు దుకాణాల్లో నూనె పట్టించిన కందిపప్పు కూడా దొరుకుతుంది. పురుగు పట్టకుండా దానికి ఆముదం పూస్తారు. దాన్ని వేడినీళ్లతో రెండుసార్లు రుద్ది కడగకపోతే పప్పంతా ఆ వాసనే వస్తుంది.

ఈ భోజనంలో ఖరీదైన సరుకు కందిపప్పే. ధర ఎక్కువగా ఉన్న నెలల్లో సగం కందిపప్పు, సగం పెసరపప్పు వేసుకోవచ్చు. పెసరపప్పు త్వరగా మెత్తబడి కందిపప్పు పలుకుల చుట్టూ గుజ్జులా పట్టుకుంటుంది కాబట్టి తేడా పెద్దగా తెలియదు. పూర్తిగా పెసరపప్పుతోనే చేస్తే కుక్కర్ కూడా అక్కర్లేదు, గిన్నెలో ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది.

పప్పు

నానిన కందిపప్పుని రెండున్నర కప్పుల నీళ్లు, పావు చెంచా పసుపు, అర చెంచా నూనెతో కుక్కర్‌లో వేసి మధ్యస్థపు మంట మీద నాలుగు కూతలు రానివ్వాలి. ఆ నూనె రుచి కోసం కాదు, నురగ పొంగి విజిల్ రంధ్రంలోకి పోకుండా. ఇదే కారణంతో పప్పూ నీళ్లూ కలిపి కుక్కర్‌లో సగానికి మించకూడదు. ఆవిరి దానంతటదే దిగాక మూత తీసి, వేడి మీదే పప్పుగుత్తితో మెదపాలి. చల్లారాక మెదిపితే ఉండలు మిగులుతాయి.

చింతపండు, టమాటా, గోంగూర, చుక్కకూర లాంటి పుల్లటివేవీ పప్పుతో పాటు కుక్కర్‌లో వేయకూడదు. పులుపు తగిలితే పప్పు గింజలోని కణాల గోడలు మెత్తబడవు. ఎన్ని కూతలు వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. బోరు నీటిలోని సున్నం కూడా అదే పని చేస్తుంది. నీళ్లు అలాంటివైతే తాగే నీళ్లతోనే ఉడికించండి. ఏళ్ల తరబడి నిలవున్న పప్పుకి మాత్రం ఏదీ పెద్దగా పనిచేయదు, రెండు గంటలు నానబెట్టి ఇంకో రెండు కూతలు ఇవ్వడమే. కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. పప్పు మెత్తబడుతుంది కానీ సబ్బు రుచి వస్తుంది, దాని జోలికి పోకపోవడం మేలు.

రెండు చిన్న కట్టల తోటకూరని మూడు నీళ్లతో కడగాలి, ఇసుక అడుగున దిగుతుంది. లేత కాడలు పారేయకుండా సన్నగా తరగాలి. మూకుడులో పెద్ద చెంచా వేరుశనగ నూనె వేడిచేసి, చీల్చిన పచ్చిమిరపకాయలు ఐదు, తరిగిన ఉల్లిపాయ ఒకటి వేసి రెండు నిమిషాలు వేయించాలి. అందులో తోటకూర వేసి, మూత పెట్టకుండా ఐదారు నిమిషాలు మగ్గనివ్వాలి. మూత పెడితే ఆకు రంగు మాసిపోతుంది. నానిన చింతపండు పిసికి చిక్కటి రసం తీసి, మూడు పెద్ద చెంచాలు ఇందులో పోయాలి. మిగతాది పచ్చి పులుసుకి దాచుకోవాలి. ఆ తర్వాత మెదిపిన పప్పు, చెంచాన్నర ఉప్పు, ముప్పావు కప్పు వేడినీళ్లు కలిపి ఐదు నిమిషాలు ఉడకనివ్వాలి. మామూలుగా మీరు చేసే పప్పు కంటే ఇది కొంచెం జారుగా ఉండాలి. నెయ్యి లేదు కాబట్టి గట్టి పప్పు అన్నంలో కలవక గొంతు పట్టేస్తుంది, పైగా ఆరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఇక పోపు. నెయ్యి లోటు తీర్చేది ఇదే కాబట్టి నూనెకి పిసినారితనం చేయకూడదు. రెండు పెద్ద చెంచాల నూనె వేడెక్కాక చెంచా శనగపప్పు, చెంచా మినప్పప్పు వేయాలి. అవి లేత బంగారు రంగులోకి తిరిగేటప్పుడు అర చెంచా ఆవాలు వేసి చిటపటమననివ్వాలి. వెంటనే ఆరేడు దంచిన వెల్లుల్లి రెబ్బలు, మూడు ఎండుమిరపకాయలు, ఆ తర్వాత అర చెంచా జీలకర్ర, రెండు రెమ్మల కరివేపాకు, చివర్లో చిటికెడు ఇంగువ. ఇంగువ ముందు వేస్తే మాడి చేదవుతుంది. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే ఆవాలు పేలేలోపు జీలకర్ర నల్లబడుతుంది. పోపు పప్పులో పడగానే మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేస్తే వాసన బయటికి పోకుండా పప్పుకి పడుతుంది.

డబ్బాలో దొరికే ఇంగువలో చాలా వాటికి గోధుమ పిండో మైదానో కలుపుతారు. వీగన్‌కి ఇబ్బంది లేదు కానీ గోధుమ పడనివాళ్లు డబ్బా మీద చదువుకోవాలి.

దొండకాయ వేపుడు

అరకిలో దొండకాయలు కావాలి. లోపల ఎర్రగా పండినవి తీసేయాలి, వేపుడు పుల్లబడుతుంది. పల్చటి చక్రాలుగా కోసి, మూడు పెద్ద చెంచాల నూనెలో మూత పెట్టి ఎనిమిది నిమిషాలు, మూత తీసి మరో పన్నెండు నిమిషాలు వేయించాలి. ఉప్పు మూత తీశాకే వేయాలి. ముందే వేస్తే నీరు ఊరి వేపుడు కాస్తా ఉడుకు కూర అవుతుంది. ఇరుకు గిన్నెలో చేసినా అంతే, వెడల్పాటి మూకుడు వాడాలి.

వేయించిన పల్లీలు మూడు పెద్ద చెంచాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచా కారం, అర చెంచా జీలకర్ర కలిపి బరకగా దంచి, పొయ్యి ఆపేశాక చల్లాలి. మంట మీద చల్లితే వెల్లుల్లి మాడుతుంది.

అన్నం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కుక్కర్‌లో పాత బియ్యానికి ఒకటికి రెండు, కొత్త బియ్యానికి ఒకటికి ఒకటిన్నర కప్పుల నీళ్లు. కొత్త బియ్యానికి నీళ్లు ఎక్కువైతే ముద్దవుతుంది.

పచ్చి పులుసు

తెలంగాణ ఇళ్లలో ఎండాకాలం తరచుగా కనిపించే ఈ పులుసుని కాచరు, గ్యాస్ కూడా ఆదా. పెరుగు స్థానాన్ని సరిగ్గా నింపేది ఇదే: చల్లగా, పుల్లగా, అన్నం పల్చగా కలుపుకునేలా ఉంటుంది.

మిగిలిన చింతపండు రసంలో మూడు కప్పుల నీళ్లు కలపాలి. కాచడం లేదు కాబట్టి కాచి చల్లార్చిన నీళ్లో, తాగే నీళ్లో మాత్రమే వాడాలి. మూడు పచ్చిమిరపకాయలకు గాటు పెట్టి (లేకపోతే పేలుతాయి) మంట మీద మచ్చలు పడేదాకా కాల్చాలి. సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయ, గుప్పెడు కొత్తిమీర, చెంచా ఉప్పు, ఆ మిరపకాయలు కలిపి చేత్తో గట్టిగా పిసకాలి. ఈ పిసకడం దాటేస్తే ఉల్లి ముక్క ఘాటు ముక్కుకెక్కుతుంది, పులుసుకి రసం దిగదు. మిరపకాయలు పిసికిన చెయ్యి కళ్లకు తగలనివ్వకండి. ఇది పులుసులో వేసి, రెండు చెంచాల బెల్లం, రెండు పెద్ద చెంచాల వేయించిన నువ్వుల పొడి కలపాలి. నువ్వులే దీనికి చిక్కదనం, కమ్మదనం ఇస్తాయి. నువ్వులు రంగు మారగానే దించేయాలి, గోధుమ రంగు దాటితే పులుసంతా చేదు. చెంచా నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, కరివేపాకు పోపు పెట్టి, కాస్త చల్లారాక పోయాలి. పచ్చి ఉల్లి ఉంది కాబట్టి ఈ పులుసు ఆ పూటకే.

పుట్నాల పొడి, మొదటి ముద్ద

కప్పు పుట్నాలు, వేయించిన ఎండుమిరపకాయలు ఆరు, ఐదు వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర, చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల ఎండుకొబ్బరి తురుము మిక్సీలో పొడి చేస్తే అయిపోయింది. ఆపకుండా తిప్పితే కొబ్బరి నూనె వదిలి పొడి ముద్ద కడుతుంది, ఆపి ఆపి తిప్పాలి. రాయలసీమలో పప్పుల పొడి అనేది దీన్నే. వేడన్నంలో చెంచా పొడి, చెంచా గానుగ నువ్వుల నూనె కలిపి తినండి. నువ్వుల నూనెని కాచకుండా పచ్చిదే వేసుకోవాలి.

నంజుకోడానికి ఆవకాయ, గుమ్మడి వడియాలు వాడుకోవచ్చు. చల్ల మిరపకాయలు మాత్రం మజ్జిగలో ఊరబెట్టినవి, అవి కుదరవు. బయట హోటల్లో తింటే ముందే అడగాలి, పప్పుకి నెయ్యి పోపు పెట్టేవాళ్లు ఎక్కువ.

రోజూ ఇలాగే తినేవాళ్లకు ఒక హెచ్చరిక. విటమిన్ బి12 పప్పులు, ఆకుకూరల నుంచి రాదు. దానికి మాత్ర ఎంత వేసుకోవాలో డాక్టర్‌ని అడగాలి.

పెరుగన్నం లేకపోతే భోజనమే కాదు అనేవాళ్లు పల్లీల పెరుగు తోడు పెట్టుకోవచ్చు. కప్పు పల్లీలు ఎనిమిది గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మూడు కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి గుడ్డలో వడకట్టాలి. ఆ పాలను సన్న మంట మీద కలుపుతూ పది నిమిషాలు కాయాలి, లేకపోతే అడుగంటుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆరేడు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి, వెచ్చని చోట పది పన్నెండు గంటలు కదపకుండా ఉంచాలి. మొదటిసారి పల్చగానే తోడుకుంటుంది. అందులోంచి రెండు చెంచాలు దాచి తర్వాతి విడతకి తోడు వేస్తే గట్టిపడుతుంది. జిగురుగా తీగలు సాగినా, పైన గులాబీ మచ్చలు వచ్చినా పారేయాలి. వడకట్టగా మిగిలిన పిప్పిని మాత్రం దొండకాయ వేపుడులో పల్లీల పొడికి బదులు వేయించి వాడుకోవచ్చు.