పల్లేరు కాయల తొవ్వలో గుంపు రైడ్: నల్లమల అంచున రోడ్డు, రాచకొండలో గుట్టలు

గుంపుగా సైకిళ్ల మీద పోదామనుకుంటే మొదట తేల్చుకోవలసింది, అందరిలో నెమ్మదిగా తొక్కేవారు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతారన్నది. మిగతా లెక్కలన్నీ దాని మీదే నిలుస్తాయి. ఆ మనిషి వేగం 18 అయితే 60 కిలోమీటర్ల రోడ్డుకు మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆగడానికి, పంక్చర్లకు ఇంకో గంట కలపండి. పొద్దున 5:30కు కదిలితే పది కొట్టేలోపు చేరతారు. రాళ్ల బాటలో మౌంటెన్ బైక్ అయితే గంటకు 8, 10 మించదు, 20 కిలోమీటర్లు పెట్టుకుంటే చాలు. మార్చి దాటాక ఈ లెక్కకు ఒక్క అరగంట తప్పినా తల మీద ఎండ పడుతుంది. అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకానే మంచి కాలం.

రోడ్డు సైకిళ్లను, మౌంటెన్ బైకులను ఒకే రైడ్‌లో కలపొద్దు. తారు మీద వెనకబడేది ఒకరు, మొరం మీద వెనకబడేది ఇంకొకరు, సగం పొద్దు ఎదురుచూపులతోనే పోతుంది. రోడ్డు వాళ్లకు శ్రీశైలం రహదారిలో డిండి నుంచి హాజీపూర్ మీదుగా మన్ననూరు ఎక్కే దారి బాగుంటుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసే ఉంటుంది. లోపల తారు రోడ్డు దిగి అడవి బాట పట్టకూడదు. కోతులున్న చోట ఆగొద్దు, హ్యాండిల్‌కు తినే సంచి కనబడితే లాక్కుపోతాయి. గుట్టలు ఎక్కాలనుకునే వాళ్లు సంస్థాన్ నారాయణపురం వైపు నుంచి రాచకొండకు పోవచ్చు. పద్నాలుగో శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని అది, కోట గోడల కింద దాకా బండల బాటలున్నాయి. రిజర్వు ఫారెస్టు హద్దు తగిలే చోట ముందే అటవీ శాఖ వాళ్ల అనుమతి తీసుకోండి. తొవ్వ అనుమానంగా ఉంటే మ్యాప్ కంటే మేకలు కాసే పెద్దమనిషి మాట నయం. "పెద్దయ్యా, ఈ తొవ్వ తండా దాకా పోతదా, నడుమ వాగున్నదా?" అని అడగండి. వాగు సంగతి మ్యాప్‌లో ఉండదు.

గుంపు పది, పన్నెండు మందికి మించొద్దు. ముందు తొవ్వ తెలిసినవారు ఉంటారు, ఆఖరున పంప్, పనిముట్లు ఉన్న గట్టి మనిషి. ఆఖరి మనిషిని దాటి ఎవరూ వెనక మిగలకూడదు. మలుపు వచ్చిన ప్రతిచోటా ముందున్న వారి వెనకే వచ్చే రెండో మనిషి దిగి నిలబడి, ఆఖరి మనిషి కనబడ్డాకే కదలాలి. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే మనుషులు తప్పిపోవడమనేది ఉండదు. మన్ననూరు దాటాక ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం కాబట్టి ఇది ఇంకా అవసరం. ఇంటి నంబరు, రక్తం గ్రూపు రాసిన కాగితం అందరి జేబులో ఉండాలి. అత్యవసరమైతే 108.

రహదారి మీద ఒకరి వెనక ఒకరుగానే పోవాలి. ముందువారి వెనక చక్రం పక్కకు మీ ముందు చక్రాన్ని పోనివ్వొద్దు. వారు కాస్త పక్కకు జరిగితే పడేది మీరు. ముందున్నవారు "గుంత", "బర్రెలు", "వడ్లు" అని అరిస్తే వెనక ప్రతివారూ అదే మాట అందించాలి. వడ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కోతల కాలంలో, వానాకాలం పంటకైనా యాసంగికైనా, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తారు. మసక చీకట్లో నల్ల టార్పాలిన్, రాయి రెండూ కనబడవు. అందుకే వెలుతురు వచ్చేదాకా గంటకు 15 దాటొద్దు, ముందు లైటు వెలుగుతూనే ఉండాలి. వడ్ల మీద నుంచి తొక్కితే చక్రం జారుతుంది. అది రైతు ఆరునెలల కష్టం కూడా. దిగి నడిపించండి.

ఘాట్ దిగేటప్పుడు సైకిల్‌కూ సైకిల్‌కూ నడుమ ఐదారు సైకిళ్ల పొడవు వదలండి. బ్రేకు మలుపుకు ముందే పడాలి, మలుపులో వదలాలి. రిమ్ బ్రేకులైతే పట్టుకునే దిగొద్దు, రిమ్ కాలి ట్యూబు పగులుతుంది. పట్టి వదులుతూ, ముందు వెనక రెండూ వాడండి. ఆర్టీసీ బస్సుకు మలుపులో రోడ్డంతా కావాలి, హారన్ వినగానే వేగం తగ్గించి ఎడమకు ఉండండి, కానీ అంచు మొరం మీదికి దిగొద్దు. బండ మీద పరుచుకున్న సన్న మొరం గోలీల మాదిరి దొర్లుతుంది. రాచకొండలో ఎక్కువమంది పడేది అక్కడే. అలాంటి చోట ముందు బ్రేకు ముట్టకుండా, పిరుదులు సీటు వెనక్కి జరిపి, చక్రాన్ని నిటారుగా పోనివ్వాలి.

ఇక ఈ ప్రాంతంలో అసలు శత్రువు పల్లేరు కాయ. పొలం గట్ల మీద, రోడ్డు అంచున నేలకంటుకుని పసుపు పూలతో పాకే మొక్క. కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకు గట్టి ముళ్లు. ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. తుమ్మ ముల్లు ఒక్కటే గుచ్చుకుంటుంది, పల్లేరు ఒకేసారి ఐదారు. అందుకే ఫొటో కోసం గడ్డిలోకి సైకిల్ తీయొద్దు, ఆగాలంటే తారు మీదో, బండ మీదో ఆగండి.

మౌంటెన్ బైక్‌కు లోపల ట్యూబు లేని ట్యూబ్‌లెస్ టైరు చేయించడమే మేలు. 29 ఇంచుల టైరుకు 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంటు, అంటే చిల్లును లోపలి నుంచి మూసే ద్రవం, పోయాలి. మన ఎండలకు అది రెండు మూడు నెలల్లో ఎండుతుంది, మళ్లీ నింపాలి. గాలి 24 నుంచి 30 పీఎస్‌ఐ. ముల్లు పీకాక చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి నిమిషం ఆగితే సీలెంటే మూస్తుంది. రోడ్డు సైకిల్‌కు 28 మిల్లీమీటర్ల టైరు వేసుకోండి. 70 కిలోల మనిషికి 70, 80 పీఎస్‌ఐ సరిపోతుంది.

ట్యూబుకు చిల్లు పడితే మొదట చిల్లు ఎక్కడుందో చూడండి. పక్కపక్కన రెండు చీలికలుంటే గాలి తక్కువై రాయికి నొక్కుకుపోయిందని. లోపలి వైపు ఉంటే రిమ్ టేపు, అంటే రిమ్‌లో పుల్లల చిల్లులను కప్పే పట్టీ, జరిగిందని. బయటి వైపు ఉంటే ముల్లే. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల దూది తిప్పండి. పత్తి చేల నడుమ ఉంటే దారిలో రాలిన పింజె చాలు. వేలికి తగలని ముల్లు మొన దూది పోగును పట్టేస్తుంది. ఈ పని మానేస్తే రెండో ట్యూబు పది నిమిషాల్లో పోతుంది. ప్యాచ్ వేయాలంటే ప్యాచ్ కంటే కాస్త వెడల్పుగా గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా పూసి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు నొక్కాలి. తడిగా ఉండగానే అంటిస్తే ఊడుతుంది.

ఒక్కొక్కరి దగ్గర తమ సైజు ట్యూబులు రెండు ఉండాలి. ఊళ్లో దొరికేది పాత 28 ఇంచుల సైకిల్ ట్యూబు, అది మీ రిమ్‌కు కుదరదు. సన్న వాల్వు ఉన్నవారు బ్రాస్ అడాప్టరు పెట్టుకుంటే పంక్చర్ షాపులో గాలి కొట్టుకోవచ్చు, కానీ ఆ కంప్రెసర్ ఒక్కసారిగా ఒత్తుతుంది, కొద్దికొద్దిగా వదలమనండి. గుంపు మొత్తానికి ఒక చైన్ టూల్, ప్రతి రకం చైన్‌కు తెగితే కలిపే లింకు ఒకటి, ప్రతి సైకిల్‌కు దాని గేర్ హ్యాంగర్ (వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క). బండకు తగిలి హ్యాంగర్ విరిగితే ఏ ఊళ్లోనూ దొరకదు.

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, లీటరుకు ఒక పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, భగీరథ నల్లా నీళ్లు నింపుకోండి. తినడానికి అరటిపండు, పల్లీ పట్టి. అక్టోబర్, నవంబర్‌లో మహబూబ్‌నగర్ వైపు పోతే సీతాఫలం.

ఇంటికొచ్చాక చైన్‌ను పొడి బట్టతో తుడిచి నూనె వేయండి, ఎర్రమట్టి ఉండగా నూనె వేస్తే గరుకు పేస్టయి పళ్లు అరుగుతాయి. టైర్లను వెలుతురులో తిప్పి, ఇరుక్కున్న ముళ్లన్నీ ఆ సాయంత్రమే పీకేయండి. ఒకటి మిగిలినా మరునాడు పొద్దుటికి టైరు చప్పబడి ఉంటుంది.