అల్యూమినియం కోస్తుంటే బిట్ విరుగుతోందా? ఫీడ్ మార్చే ముందు బెడ్ చూడండి

అప్పన్న నామాలు, ఓంకారాలు, ఇంటి నంబర్ ప్లేట్లు, పూజ గది తలుపుకి తామరపూలు, ఇలాంటివి 2 మి.మీ అల్యూమినియం షీట్‌లో 3018 లాంటి చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్ చెప్పినట్టు కోసే మెషిన్) మీదో, కొంచెం పెద్దదైన 6040 మీదో కోసుకునేవాళ్ళ కోసం ఇది. జీరో (బిట్ కొలత మొదలయ్యే ఎత్తు) పెట్టడం, కొలెట్‌లో బిట్ బిగించడం, ట్యాబ్‌లు వదలడం మీకు వచ్చు అనుకునే రాస్తున్నా.

సమస్య: బిట్‌కి అల్యూమినియం ముద్ద కట్టేసి, టక్కున విరిగిపోతోంది

నాలుగు పళ్ళ బిట్ వాడుతుంటే తీసి పక్కన పెట్టేయండి, సింగిల్ ఫ్లూట్ (ఒక్క పన్ను) కార్బైడ్ బిట్ కొనుక్కోండి, చిప్ బయటికి రావడానికి దారి ఉండాలి కదా. స్టీల్ కోసం అమ్మే నల్ల పూత బిట్లు కూడా వద్దు, ఆ పూతల్లో చాలావాటిలో అల్యూమినియమే ఉంటది, మన షీటు దానికి ఇంకా తొందరగా అంటుకుంటది.

ఫీడ్ (బిట్ ముందుకి జరిగే వేగం) తగ్గిస్తే బిట్ బతుకుద్ది అనుకుంటారు చాలామంది, అల్యూమినియం దగ్గర అది రివర్స్. మరీ తగ్గిస్తే బిట్ కొయ్యదు, రుద్దుద్ది, రుద్దితే వేడి, ఆ వేడికి లోహం మెత్తబడి పంటి సందులో ఇరుక్కుపోద్ది. లెక్క తేలికే, ఆర్‌పీఎంని పళ్ళతో, ఒక్కో పన్ను తీసే చిప్ మందంతో హెచ్చవేయడమే. 10,000 ఆర్‌పీఎం, ఒక్క పన్ను, చిప్ 0.03 మి.మీ అంటే నిమిషానికి 300 మి.మీ. 3018 మీద 3.175 మి.మీ బిట్‌తో పాస్‌కి (బిట్ ఒక్కసారి తిరిగి వచ్చే వరసకి) 0.2 మి.మీ లోతు దాటకండి. చిప్స్ గాడిలో ఉండకుండా గాలి కొడుతూ ఉండండి, కొంచెం డబ్ల్యూడీ 40 బ్రష్‌తో రాయండి చాలు. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) స్ప్రే చేసేవాళ్ళు మాత్రం జాగ్రత్త, కార్బన్ బ్రష్‌ల మోటర్లో నిప్పురవ్వలు వస్తాయి, అంటుకుంటే చెయ్యి కాలుద్ది. షీటు 6061 గానీ 5052 గానీ గ్రేడ్ అని అడిగి తీసుకోండి, స్క్రాప్‌లో తూకానికి దొరికే మెత్తటి షీటు సాగుద్ది తప్ప తెగదు.

సమస్య: అదే బిట్, అదే ఫీడ్, ఒక చోట చక్కగా కోస్తది, ఇంకో చోట కీచుమని అరిచి విరుగుద్ది

బిట్లు తగలేసుకునేది ఇక్కడే. ఫీడ్ మారుస్తారు, ఆర్‌పీఎం మారుస్తారు, ఇంకో కంపెనీ బిట్ తెప్పిస్తారు, సాఫ్ట్‌వేర్ కూడా మార్చేస్తారు, కానీ షీటు కింద బెడ్‌గా ఉన్న ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు) వైపు ఒక్కడూ చూడడు. విరిగింది ఎక్కడ అని అడిగితే "ఎప్పుడూ ఆ మూలే అన్నా" అంటారు. ఎప్పుడూ ఆ మూలే అయితే అది ఫీడ్ తప్పు ఎలా అవుద్ది, ఫీడ్ అన్ని మూలలకీ ఒకటే కదా.

మన వైజాగ్ గాలికి మూత తీసిన డబ్బాలో ఉప్పు చెమ్మ పట్టినట్టే ఎండీఎఫ్ కూడా చెమ్మ పడుతుంది, పట్టి ఉబ్బుద్ది, అదీ సమంగా ఉబ్బదు. కోసిన అంచుల దగ్గర, స్క్రూ కన్నాల చుట్టూ ఎక్కువ, మధ్యలో తక్కువ. ఎండాకాలంలో ప్లెయిన్ చేసిన (మెషిన్‌తోనే పైన గీకి చదును చేసిన) బెడ్ వానలు మొదలయ్యాక ప్లెయిన్‌గా ఉంటదని నమ్మకండి. చెక్క కోసేటప్పుడు ఇది అస్సలు తెలీదు, ఎందుకంటే అక్కడ పాస్‌కి 2 మి.మీ లోతు వెళ్తాం, 0.3 తేడా వస్తే ఏమవుద్ది. అల్యూమినియంలో మనం వెళ్ళేదే 0.2. బెడ్ ఒక చోట 0.3 లేచి ఉంటే అక్కడ మొదటి పాస్ 0.5 అయిపోద్ది, చిన్న స్పిండిల్‌కి (బిట్‌ని తిప్పే మోటర్‌కి) అది మొయ్యలేని బరువు. పల్లంగా ఉన్న చోట ఇంకో బాధ, షీటు కింద ఖాళీ ఉంటది, మెలిక బిట్ షీటుని పైకి లాగుద్ది, షీటు అదిరి అంచంతా గీతలు పడిపోద్ది. చివరి పాస్ అయ్యాక కూడా అడుగున పల్చటి పొర మిగిలి పీస్ ఊడిరాదు, దానికి ఇంకో 0.3 లోతు పెంచితే ఎత్తుగా ఉన్న చోట ఎండీఎఫ్‌ని గీరేస్తారు, అక్కడినుంచి చెమ్మ ఇంకా లోపలికి వెళ్ళుద్ది.

చెక్ చెయ్యడానికి డయల్ గేజ్ ఉంటే మంచిదే, లేకపోతే ప్రింటర్ పేపర్ ముక్క చాలు, మామూలు 80 జీఎస్ఎం కాగితం మందం 0.1 మి.మీ దగ్గర ఉంటది. షీటు తీసేయండి, బెడ్ తుడవండి, పాత బిట్ పెట్టండి, స్పిండిల్ ఆపేసి ఉంచండి. మధ్యలో కాగితం లాగితే కొంచెం పట్టుకునేలా జీరో పెట్టండి. జెడ్ (బిట్‌ని పైకీ కిందకీ కదిపే అక్షం) పైకి లేపి మూలలకి, అంచుల మధ్యకి, స్క్రూల పక్కకి వెళ్ళి అదే జీరోకి దింపండి, చివర్లో 0.05 చొప్పున మెల్లగా. ఎంవీపీ కాలనీలో తెలిసిన తమ్ముడి మెషిన్ మీద ఇలాగే చూస్తే వెనక ఎడమ మూల స్క్రూ దగ్గర జీరో కంటే పైనే బిట్ చెక్కకి తగిలేసింది, అక్కడికి జానెడు దూరంలో మాత్రం మూడు కాగితాలు కలిపి పెట్టినా వదులుగా జారిపోయాయి. ఆ అబ్బాయి అప్పటిదాకా మోటర్ వీక్ అనుకుంటున్నాడు.

ఒకటి గమనించండి, తేడా ఒక వైపు నుంచి ఇంకో వైపుకి వరసగా పెరుగుతూ పోతే అది బెడ్ ఒక వైపుకి వాలి ఉండడం, పల్లంగా ఉన్న వైపు బెడ్ కింద షిమ్ (పల్చటి రేకు ముక్క) పెట్టి సరిచేయండి. ఎక్కడ పడితే అక్కడ గుట్టలుగా ఉంటేనే ఉబ్బు.

ఉబ్బితే మళ్ళీ ప్లెయిన్ చేసేస్తే అయిపోద్ది అంటారు, సగమే నిజం. ఎండీఎఫ్ పైపొర ఫ్యాక్టరీలో గట్టిగా నొక్కి ఉంటది, లోపల అంత గట్టిగా ఉండదు. ప్లెయిన్ చేస్తే ఆ గట్టి పొరే పోద్ది, ఇక చెమ్మ ముందుకంటే తొందరగా పట్టుద్ది. అందుకే ఇలా చెయ్యండి: కొత్త ముక్కకి ముందు అడుగున, నాలుగు అంచులకి, స్క్రూ కన్నాల లోపల పీయూ (పాలీయురేథేన్) వార్నిష్ రెండు కోట్లు, ఆరాక బిగించి ప్లెయిన్, అదే రోజు పైన కూడా పల్చగా కోటు, ఆరాక 320 ఎమరీ చెక్క దిమ్మకి చుట్టి తేలిగ్గా రుద్దడం. పైన మాత్రమే వేసి అడుగు వదిలేస్తే బోర్డు వంగుద్ది. నీళ్ళలో కలిపే కూలెంట్ ఆయిల్ ఎండీఎఫ్ మీద అస్సలు వద్దు. అల్యూమినియమే ఎక్కువ కోసేవాళ్ళు ఎండీఎఫ్ మానేసి కరెంటు పనులకి వాడే హైలం షీటు వేసుకోండి, చెమ్మకి దాదాపు కదలదు, ప్లెయిన్ చేసేటప్పుడు మాత్రం మాస్క్ తప్పనిసరి.

క్యాండిల్‌లో (మెషిన్ నడిపే సాఫ్ట్‌వేర్) హైట్ మ్యాప్ (షీటు ఎత్తుపల్లాల కొలత) తీస్తే సరిపోదా అంటే, పైన అక్షరాలు చెక్కడానికి బాగా పనికొస్తది, కానీ షీటు కింద ఖాళీని అది నింపదు, అదురు అలాగే ఉంటది. ప్రోబ్ చేసే ముందు (అంటే బిట్ తాకగానే కరెంటు పారడంతో ఎత్తు కొలిచే ముందు) షీటు మీద ప్లాస్టిక్ ఫిల్మ్ పీకేయండి. అనోడైజ్ చేసిన షీటు అయితే ఆ పొర కరెంటు పోనివ్వదు, బిట్ ఆగకుండా దిగిపోయి గుచ్చేస్తది. క్లిప్‌ని చేత్తో బిట్‌కి ఒకసారి తాకించి ప్రోబ్ లైటు మారుతోందో లేదో చూశాకే మొదలుపెట్టండి.

సమస్య: గుండ్రం కోడిగుడ్డు ఆకారంలో వస్తోంది, లేదా డిజైన్ మధ్యలో పక్కకి జరిగిపోతోంది

జరిగిపోతే కప్లర్ (మోటర్‌ని లీడ్ స్క్రూకి, అంటే మెషిన్‌ని జరిపే పొడుగు స్క్రూకి కలిపే ముక్క) మీద గ్రబ్ స్క్రూలు అల్లెన్ కీతో బిగించండి, ఎక్కువసార్లు అదే. గుడ్డు ఆకారం అయితే లీడ్ స్క్రూ నట్టు అరిగి వదులైంది, మార్చండి.

సమస్య: అంచుకి బర్ర్ (కోసిన చోట మిగిలే గరుకు) ఎక్కువ

బిట్ మొండిది. మార్చండి.

మధ్యలో మెషిన్ దానంతటదే ఆగిపోవడం అరుదు, యూఎస్‌బీ కేబుల్ స్పిండిల్ వైరుకి దూరంగా కట్టి, ఎర్త్ సరిగ్గా ఉందో చూసుకుంటే చాలావరకు పోద్ది. స్పిండిల్ బేరింగ్ పోవడం ఇంకా అరుదు, చేత్తో తిప్పితే గరగరమంటది, అలా లేకపోతే దాని జోలికి వెళ్ళకండి.